మందు వెలయు, ఉద్దానపు వ్యాధియు

(పలాసలోని యొక పఠనమందిరమున చేసిన యుపన్యాసము)



నేను వైద్యుడను కాను, శాస్త్రజ్ఞుడను కాను. టెక్కలి న్యాయస్థానమున వకాలతు చేసికొనుచు, సెలవు దినములలో రక్తపరీక్షల శిబిరములకు స్వచ్ఛంద సేవకుడనై పోవువాడను. అచ్చట నా పని స్వల్పమే. వచ్చినవారి పేరు, వయస్సు, ఊరు వ్రాసికొనుట, సీసాలపై చీటీలు అంటించుట. ఇట్టివాడు మందుల వెలలను గుఱించియు, క్రొత్త మందులు పుట్టు విధమును గుఱించియు ఉపన్యసించుట సాహసమని మీరు తలపవచ్చును. కాని మందు గుణము వైద్యశాస్త్రమున నిర్ణయమగును గాని, మందు వెల చట్టమున నిర్ణయమగును. చట్టము నా వృత్తి. వ్యాధి మన యింటిది. ఈ రెండు కారణములచేతనే మీ యెదుట నిలిచితిని.

నేను వృత్తిలో ప్రవేశించిన తొలినాళ్లలో, 2006వ సంవత్సరమున, కవిటి ప్రాంతపు రైతొకడు మా సీనియరు గారి కచేరీకి వచ్చెను. అర యెకరము కొబ్బరితోటకు క్రయ దస్తావేజు వ్రాయవలెననెను. మూత్రపిండములు చెడిపోయినవి, వారమునకు రెండుసార్లు విశాఖపట్టణము పోయి యంత్రముపై రక్తశుద్ధి చేయించుకొనవలెను, చేత పైకము లేదు. చిత్తు వ్రాయుట నా వంతు వచ్చెను. హద్దులు వ్రాయుటకై తూర్పున నెవరని యడిగితిని. "తూరుపు తోట కూడా ఈ జబ్బుకే పోయింది బాబూ" అని యాతడు చెప్పెను. అమ్మకమునకు హేతువు వ్రాయవలసినచోట, వాడుక ననుసరించి "కుటుంబ అవసరముల నిమిత్తము" అని వ్రాసితిమి. దస్తావేజుల భాషలో ఆ దుఃఖమునకు వేఱు మాట లేదు. ఏడాది తిరుగకమున్నే ఆ రైతు మరణించెను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఆ తోటలోని చెట్లను కూల్చెను. నాటికిని నేటికిని ఆ వ్యాధికి మూలమేమో తేలలేదు.

మన ప్రాంతమునకు ఉద్దానమను పేరు ఉద్యానమను మాటనుండి వచ్చినదని పెద్దలు చెప్పుదురు. కొబ్బరి, జీడి, పనస, మునగ పెరుగు ఈ పచ్చని నేలలో, ఇచ్ఛాపురము, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలములలో, మధుమేహము గాని అధిక రక్తపోటు గాని లేనివారికి సైతము మూత్రపిండములు క్రమముగా క్షీణించుచున్న సంగతి 1990 తరువాతి దశకమున వైద్యుల దృష్టికి వచ్చినది. డాక్టరు టి. రవిరాజు గారు ప్రభృతులు చేసి 2019లో ప్రకటించిన అధ్యయనమున పరీక్షింపబడిన పెద్దవారిలో నూటికి 18 మందికి దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి కలదని తేలినది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వారు 2020లో ప్రకటించిన అధ్యయనమున నూటికి 21 మంది. నీరా, లోహములా, పురుగు మందులా, ఎండలో దప్పిక నోర్చుకొని చేయు చాకిరియా, వంశమున వచ్చు లోపమా, నొప్పి మాత్రలా, లేక ఇవన్నియు కలిసియా? ఊహలు పెక్కు, నిర్ణయము లేదు. శ్రీలంకలోని ఉత్తర మధ్య రాష్ట్రపు వరి రైతులలోను, మధ్య అమెరికాలో నికరాగువా, ఎల్ సాల్వడోర్ దేశముల చెఱకు కూలీలలోను ఇట్టి వ్యాధియే కనబడుచున్నది. కష్టజీవుల వ్యాధి యిది.

కొంతకాలము క్రిందట నొక సభలో ఔషధశాస్త్రము చదివిన యువకుడొకడు లేచి నన్నొక ప్రశ్న యడిగెను. "ప్రభుత్వము మందుల వెలలను బిగించుచు పోయిన యెడల, లాభము లేని పనికి ధనమును ధారపోసి మన వ్యాధికి క్రొత్త మందును కనుగొనువాడెవడు?" సభలో కొందఱు నవ్విరి. నవ్వదగిన ప్రశ్న కాదది. ఆ దినమున నేను చెప్పిన సమాధానము నాకే తృప్తి నీయలేదు. నేటి ఉపన్యాసము ఆ యువకునికి నేను బాకీపడిన ప్రత్యుత్తరము.

ముందుగా చట్టమేమి చెప్పుచున్నదో చూతము. 1962లో చైనా దండయాత్ర జరిగిన పిమ్మట, దేశరక్షణ శాసనము క్రింద మన ప్రభుత్వము మందుల వెలలపై మొదట చేయి వైచెను. 1963లో వెలలను ఉన్నచోటనే నిలిపివేసెను. 1970లోను, హాథీ సంఘపు నివేదిక వచ్చిన పిమ్మట 1979లోను విస్తృతమైన ఉత్తరువులు వెలువడెను. 1979లో 347 మూలౌషధములు అదుపులో నుండగా, 1987 నాటికవి 142కు తగ్గెను. 1995లో నింకను తగ్గెను. 1997లో జాతీయ ఔషధ ధరల నిర్ణాయక సంస్థ యేర్పడెను. ఇప్పుడు నడచునది 2013వ సంవత్సరపు ఉత్తరువు. అత్యవసర ఔషధముల జాబితాలో చేరిన ప్రతి మందునకును గరిష్ఠ ధర కలదు. విపణిలో నూటికి ఒకటి యైనను వాటా గల రకములన్నిటి వెలలను సగటు కట్టి, చిల్లర వర్తకునికి నూటికి 16 చేర్చి ఆ ధరను నిర్ణయింతురు. ఉత్పత్తిదారుని ఖర్చును బట్టి కట్టు లెక్క కాదిది. విపణిలోని వెలలను బట్టి కట్టు లెక్క.

1987లో ఈ వెలల నిర్ణయమును గుఱించి సుప్రీంకోర్టున గొప్ప వ్యాజ్యము నడచెను. మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టునుండి వెళ్లిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి గారు తీర్పు వ్రాసిరి. వెలల నిర్ణయము ఇరుపక్షముల తగవు తీర్చుట వంటిది కాదు, శాసన నిర్మాణము వంటిది అని ఆ తీర్పు సారాంశము. అనగా, మందు వెల యెంతయన్నది అమ్మువానికిని కొనువానికిని నడుమ రహస్యము కాదు. ప్రజలందఱకు సంబంధించిన ధర్మము. ఈ సూత్రము నాకు సమ్మతము.

అయితే ఆ యువకుని భయమును చట్టము తలపకపోలేదు. 2013 ఉత్తరువులోని 32వ పేరాను చదువుడు. స్వదేశమున పరిశోధన చేసి, పేటెంటు పొంది నిర్మించిన క్రొత్త మందునకు ఐదేండ్లు వెలల అదుపు వర్తింపదని యందు కలదు. 2019 జనవరిలో ఆ మినహాయింపును ఇంకను విశాలము చేసి, పేటెంటు పొందిన క్రొత్త మందులకును, అరుదైన వ్యాధుల మందులకును వర్తింపజేసిరి. కావున మన దేశమున వెలల చట్టము క్రొత్త మందు గొంతు నులుముచున్నదనుట సత్యదూరము. అది క్రొత్త మందునకు త్రోవ విడిచి, పాత మందును పట్టుకొనుచున్నది. ఇంత విడుపు సమంజసమా యని యడుగువారు గూడ కలరు. ఆ చర్చ మఱియొకనాడు.

ఇక అనుభవము చూతము. 1970వ సంవత్సరపు పేటెంటు శాసనము ఔషధ పదార్థముపై పేటెంటు నీయక, దానిని తయారుచేయు పద్ధతిపై మాత్రమే యిచ్చెను. వెలల అదుపును, ఈ శాసనమును, రెండును కలిసియున్న కాలముననే హైదరాబాదు ఔషధనగరముగా పెరిగెను. ప్రభుత్వరంగపు ఐడీపీఎల్ కర్మాగారము పాఠశాల యయ్యెను. అచ్చట పని నేర్చిన అంజిరెడ్డి గారు 1984లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించిరి. 1997లో శాంతా బయోటెక్నిక్స్ సంస్థ కామెర్లు కలిగించు హెపటైటిస్-బి వ్యాధికి స్వదేశపు టీకాను తెచ్చెను. అంతకుముందు దిగుమతి టీకా ఒక మోతాదు వందల రూపాయలు పలికెడిది. ఈ టీకా 50 రూపాయలకు వచ్చెను. డయాలిసిస్ యంత్రమెక్కు ప్రతి రోగికిని ఆ టీకా యావశ్యకమని మన వైద్యులు చెప్పుదురు. మన పల్లె రోగి భుజమున పడిన ఆ సూది వెనుక ఒక తెలుగువారి సాహసమున్నది.

2012 మార్చిలో మఱియొక సంఘటన జరిగినది. మూత్రపిండములకును కాలేయమునకును వచ్చు పుట్టకురుపునకు వాడు సొరాఫెనిబ్ అను మందు నెలకు రెండు లక్షల ఎనుబది వేల రూపాయలకు పైగా వెల పలుకుచుండెను. పేటెంటు అధికారి హైదరాబాదులోని నాట్కో సంస్థకు నిర్బంధ లైసెన్సు నిచ్చి, నెలకు 8,880 రూపాయలకు అమ్మవలెననియు, పేటెంటుదారునకు రాజభాగము చెల్లింపవలెననియు ఆజ్ఞాపించెను. 2005లో పదార్థముపై పేటెంట్లు మరల వచ్చిన తరువాత మన దేశమున అట్టి లైసెన్సు ఇదియే మొదటిది. పేటెంటును రద్దు చేయలేదు. దాని యజమానికి భాగము పోలేదు. రోగికి మందు అందెను. 2014లో సుప్రీంకోర్టు గూడ ఆ యుత్తరువున జోక్యము చేసికొనలేదు.

ఇంతవరకు చెప్పినది ఒక పక్షము. న్యాయవాది యైనవాడు ఎదుటి పక్షపు సాక్షిని గూడ వినవలెను. ఆ యుత్సాహముననే మనవారు క్రొత్త మందును గూడ కనుగొనిరా? ప్రయత్నించిరి. డాక్టర్ రెడ్డీస్ పరిశోధనాలయమున పుట్టిన బాలాగ్లిటజోన్ అను మధుమేహపు మందును 1997లో విదేశీ సంస్థ యొకటి లైసెన్సు పొంది పరీక్షకు గొనిపోయెను. అది గొప్ప గౌరవము. కాని అది తుదివఱకు నిలువక విపణికి రాలేదు. మందును చౌకగా చేయుట యొక విద్య, లేని మందును కనుగొనుట మఱియొక విద్య. మొదటి విద్యలో మన తెలుగువారు లోకమునకు గురువులైరి. రెండవ విద్యకు పదునైదు ఇరువదేండ్ల ఓర్పును, పోయిన ధనమునకు వగవని భాండారమును కావలెను. మొదటి విద్యలో వచ్చు స్వల్ప లాభములు రెండవ విద్యను పోషింపజాలవని ఆ యువకుడు వాదించినచో, ఆ వాదమున సత్యము లేదని నేను చెప్పజాలను.

వెలల అదుపు వలన కీడు కలిగిన తావులును కలవు. హెపారిన్ అను మందును మీలో డయాలిసిస్ రోగులు గల కుటుంబములవారు ఎఱుగుదురు. యంత్రమున రక్తము గడ్డకట్టకుండ దానిని వాడుదురు. ఆ మందు పంది ప్రేగులనుండి తీయబడును. చైనాలో పందులకు తెగులు వచ్చి ముడిసరుకు వెల పెరుగగా, గరిష్ఠ ధర మాత్రము పెరుగక నిలిచెను. నష్టమునకు తయారుచేయువాడు లేడు. 2020 జూన్‌లో నిర్ణాయక సంస్థ 19వ పేరాలోని ప్రత్యేకాధికారమును వాడి, ఆ ధరను నూటికి 50 పెంచవలసి వచ్చెను. పెన్సిలిన్ సంగతియు నిట్టిదే. 2019లో 21 మందు రూపముల ధరలను, 2024 అక్టోబరులో మఱి 8 మందుల ధరలను, నూటికి 50 చొప్పున పెంచిరి. రెండుసార్లును పెన్సిలిన్ ఆ జాబితాలో నుండెను. ఎనుబదేండ్ల నాటి ఆ మందు మూలపదార్థమును మనము చాలకాలము చైనానుండి తెచ్చుకొంటిమి. ప్రభుత్వ ప్రోత్సాహధనముతో కాకినాడ సమీపమున పెన్సిలిన్ కర్మాగారము 2024లో నడువసాగినది. గుండె స్టెంటులకు 2017 ఫిబ్రవరిలో గరిష్ఠ ధర నిర్ణయించినప్పుడు, మందుపూత గల స్టెంటు 29,600 రూపాయలకు దిగెను. వేలకొలది కుటుంబములు ఋణము తప్పించుకొనెను. ఆ వెంటనే కొన్ని విదేశీ సంస్థలు తమ క్రొత్తరకపు స్టెంటులను విపణినుండి మరలించుకొనుటకు అనుమతి కోరెను. దుకాణమున లేని చౌక మందు కంటె, దొరకెడి ఖరీదు మందే మేలని రోగి బంధువు తలచు గడియ యొకటి వచ్చును. ఆ గడియ రాకుండ చూచుట వెల నిర్ణయించువాని ధర్మము.

కావున మన ప్రశ్న "అదుపు మంచిదా, చెడ్డదా" యని కాదు. ఏ మందునకు, ఏ దశలో, ఎంత యనునదియే ప్రశ్న.

ఈ లెక్కను అమెరికావారు గూడ కట్టిరి. 2022లో వారు చేసిన శాసనము వృద్ధుల బీమా క్రింద కొన్ని మందుల వెలలను ప్రభుత్వము బేరమాడవలెనని నిర్దేశించెను. మొదటి పది మందుల వెలలు 2026 జనవరి 1 నుండి అమలగునట్లు నిర్ణయించిరి. ఆ పదింటిలో మూత్రపిండముల క్షీణతను మందగింపజేయు డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అను రెండును గలవు. ఈ శాసనము వలన క్రొత్త మందులెన్ని తగ్గునని వారి శాసనసభకు లెక్కలు కట్టి యిచ్చు ఆయవ్యయ కార్యాలయమును అడిగిరి. ముప్పదేండ్లలో రాదగిన సుమారు 1,300 మందులలో 13 రాకపోవచ్చునని అది చెప్పెను. నష్టము ఇంతకు పలురెట్లుండునని వాదించిన అర్థశాస్త్రజ్ఞులును కలరు. ఎవరి మాట నిజమో కాలము చెప్పును. కాని ఒక్క మాట అడుగుదును. ఆ 1,300 మందులలో ఉద్దానపు వ్యాధికి ఉద్దేశింపబడినవెన్ని? పంక్తిలో కూర్చుండని వానికి వడ్డన తగ్గినదని చింత యేల?

సోదరులారా, నా యుపన్యాసమునకు ఇదియే కీలకము. క్రొత్త మందు వెలను వెదకికొని వచ్చును. వెల ఇయ్యగలవాడు లేనిచోట అదుపున్నను లేకున్నను రాదు. మన జిల్లా తీరమున బోదకాలు వ్యాధిని ఎఱుగనివారు లేరు. దానికి నేటికిని వాడుచున్న డైఈథైల్ కార్బమజైన్ మందు 1947లో లోకమునకు వెల్లడియైనది. దానిని వెలికితీసిన పరిశోధనకు నాయకుడు భీమవరమున 1895లో పుట్టిన మన యెల్లాప్రగడ సుబ్బారావు గారు. తరతరములుగా మన తీరపు పల్లెలు ఆ వ్యాధితో కుములుచుండినను ఏ పరిశోధనాలయమును పట్టించుకొనలేదు. రెండవ మహాయుద్ధమున పసిఫిక్ ద్వీపములలోని అమెరికా సైనికులకు ఆ వ్యాధి సోకినప్పుడు గాని ఆ మందును వెదకవలెనన్న తొందర పుట్టలేదు. తెలుగువాని మేధ కావలసివచ్చినది. కాని ఆ మేధను పనికి పెట్టినది తెలుగు రోగి బాధ కాదు. ఈ సంగతి గర్వమునకును దుఃఖమునకును తావైనది.

డపాగ్లిఫ్లోజిన్ సంగతి యింకను సన్నిహితమైన నిదర్శనము. మన దేశమున దాని మొదటి పేటెంటు 2020 అక్టోబరులో ముగిసెను. పలు స్వదేశీ సంస్థలు దానిని చేయసాగెను, వెల దిగెను. ఎంపాగ్లిఫ్లోజిన్ పేటెంటు 2025 మార్చిలో ముగిసెను. దాని వెలయు నట్లే పడిపోయెను. మందు వచ్చినది, వెల తగ్గినది. ఇక మన కేమి కొఱత యందురా? 2020లో ప్రకటింపబడిన డపాగ్లిఫ్లోజిన్ మహాపరీక్షలో 4,000కు పైగా రోగులు పాల్గొనిరి. మూత్రమున ఆల్బుమిన్ అను మాంసకృత్తి తగినంత పోవుచున్నవారినే యందు చేర్చుకొనిరి. మన ఉద్దానపు వ్యాధికి లక్షణమేమనగా, మూత్రమున మాంసకృత్తి స్వల్పముగా పోవుచుండగనే మూత్రపిండము చడిచప్పుడు లేక కృశించిపోవును. అనగా మన రోగులలో పెక్కురు ఆ పరీక్ష గుమ్మము దాటదగినవారు కారు. మన రోగికి ఆ మందు పనిచేయునా, చేయదా? వైద్యుడు తన యనుభవమును బట్టి యిచ్చునే గాని, మన వ్యాధిపై జరిగిన పరీక్షను చూపి యీయజాలడు. వెల యెంత తగ్గినను ఈ కొఱత తీరదు. ఇది వెలల ప్రశ్న కాదు, జ్ఞానపు ప్రశ్న.

ఇప్పుడు వైద్య సంస్కరణల మాట. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకమును మొదట మూడు జిల్లాలలో ఆరంభించిరి. వానిలో మన శ్రీకాకుళ మొకటి. తక్కినవి అనంతపురము, మహబూబ్‌నగరము. నేను క్రయ దస్తావేజు వ్రాసిన రైతు ఇంకొక్క యేడాది బ్రదికి యుండినచో తోట నమ్ముకొనవలసి యుండెడిది కాదేమో! ఆ పథకమును నిందించు నోరు నాకు లేదు. తరువాత సోంపేట, పలాస, కవిటి మొదలగుచోట్ల డయాలిసిస్ కేంద్రములు వెలసెను. 2019లో డయాలిసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఏర్పడెను. 2023 డిసెంబరు 14న హిరమండలము జలాశయమునుండి నీరు తెచ్చు 700 కోట్ల రూపాయల పథకమును, పలాసలో 200 పడకల ఆసుపత్రియు మూత్రపిండ పరిశోధన కేంద్రమును ప్రారంభమయ్యెను. ఇవి యన్నియు ప్రజలు మొఱపెట్టి సాధించుకొన్నవి. ఏ యొక్కరి దానమును కాదు.

కాని సంస్కరణ యొక్క స్వభావమును గ్రహింపవలెను. ఆరోగ్యశ్రీ ప్రతి చికిత్సకును ఇంత యని ప్యాకేజీ కట్టి చెల్లించును. అదియు నొక వెలల అదుపే. దేనికి వెల కట్టుదురో ఆ పని పెరుగును. దేనికి కట్టరో ఆ పని యెండును. యంత్రముపై రక్తశుద్ధికి వెల కట్టిరి; కేంద్రములు పెరిగెను. మూత్రపిండము సగము బాగున్నప్పుడే పసిగట్టుటకు, అట్టివారిని ఏండ్ల తరబడి కనిపెట్టి యుండుటకు, మూలమును శోధించుటకు ప్యాకేజీ లేదు. అమెరికాలో 1972లో ప్రభుత్వమే డయాలిసిస్ ఖర్చును భరింపవలెనని శాసనము చేసిరి. లక్షలాది ప్రాణములు నిలిచెను. డయాలిసిస్ గొప్ప వర్తకమయ్యెను. 1989లో వచ్చిన రక్తవృద్ధి సూది మందునకు మోతాదు లెక్కన విడిగా చెల్లించినంత కాలము దాని వాడుక పెరుగుచు పోయెను. 2011లో అన్నిటికి కలిపి ఒకే మొత్తము చెల్లింపసాగగానే వాడుక తగ్గెను. రోగి శరీరము మాఱలేదు, చెల్లింపు మాఱినది. ఇల్లు కాలుచున్నప్పుడు నీరు చల్లువానికి కూలి యిత్తుము. నిప్పు ఎచ్చటినుండి రేగినదో చూచువానికి ఇయ్యము. ఇట్లయినచో ప్రతి వేసవిలోను ఇల్లు కాలుచునే యుండును.

కాబట్టి ఆ యువకునికి నా ప్రత్యుత్తరమిది. ఉన్న మందు రోగికి అందక పోవునప్పుడు వెలల అదుపు ధర్మము. ఖర్చు పెరిగి మందు మాయమగునప్పుడు అదుపును సకాలమున సడలించుట ధర్మము. అత్యవసరమైన చౌక మందులకు ముడిసరుకు వెలను బట్టి ధరను ఏటేట సవరింపవలెను, కొఱత వచ్చినవెనుక కాదు. మూలమే తెలియని వ్యాధి విషయమున అదుపు వలన కీడును లేదు, స్వేచ్ఛ వలన మేలును లేదు. అచ్చట ప్రజాధనమే పరిశోధింపవలెను. వెల చూపి పిలిచినను రాని మందునకు, ముందుగా మనమే బండి కట్టి పంపవలెను.

ప్రజాధనమున పరిశోధన చేయువారిని మనము మూడు షరతులు కోరవలెను. మొదటిది: ఫలితము, అనుకూలమైనను ప్రతికూలమైనను, తెలుగున ప్రకటింపవలెను. రెండవది: ఆ పరిశోధనవలన మందు గాని పరీక్షా సాధనము గాని పుట్టినచో, దాని వెలపై ప్రజలకు ముందే హక్కు వ్రాసి యుంచవలెను. విత్తనము మనది, దుక్కి మనది, పంట యొక్కరిది కారాదు. మూడవది: ఉద్దానమున మందుల పరీక్షలు జరుపవలెను, కాని 2019వ సంవత్సరపు క్లినికల్ పరీక్షల నియమములలో రోగి సమ్మతికిని, నష్టపరిహారమునకును, పరీక్ష ముగిసిన పిమ్మట మందు నందించుటకును గల ఏర్పాట్లు అక్షరాల పాటింపవలెను. పరీక్షకు మన దేహము, ఫలమునకు పరుల గేహము అను నీతి చెల్లదు. పలాస కేంద్రమున పడకలు లెక్కించి తృప్తిపడక, అచ్చట వ్రాయబడు పరిశోధన పత్రములను గూడ లెక్కింపుడు. పరిశోధన కేంద్రమను పేరు గోడపై నున్నంత మాత్రమున పరిశోధన జరుగదు.

ఇక మా తప్పు నొకదానిని ఒప్పుకొని ముగింతును. ఒక పల్లెలో శిబిరము పెట్టినప్పుడు వృద్ధురాలొకతె చేయి చాపక నిలిచి, "ఎన్నిసార్లు రగతం తీస్తారు నాయనా? తీసినోళ్లు మళ్లీ రారు, ఏటుందో చెప్పరు" అనెను. చీటీలంటించుచున్న నా చేయి నిలిచిపోయెను. అంతకుముందు ఏడాది ఆ యూరికి వచ్చినది మేమే. పరీక్షల ఫలితములు మా సంచిలోనే యుండిపోయెను. పంచిపెట్టు భారము ఒకరిపై నొకరు వేసికొంటిమి. ఆమె కొడుకు పేరు ఆ కాగితములలో నుండెను. క్రియాటినిన్ అంకె హెచ్చుగానే యుండెను. మేము తిరిగి పోవునప్పటికి అతడు యంత్రమెక్కి యుండెను. సకాలమున చెప్పియుండినచో ఏమగునో నేనెఱుగను. చెప్పక పోయితిమని మాత్రమెఱుగుదును. నాటినుండి, ఫలితము ఇంటింటికి చేరిన పిమ్మటనే మరుసటి శిబిరమునకు చీటీలు కోయవలెనని నేను నియమము పెట్టుకొంటిని. ఇది పేదవాని వెలల అదుపు కాదు, పేటెంటు కాదు. మాట నిలుపుకొనుట మాత్రమే. అయినను నూతన వైద్యమునకు ఇదియే పునాది. రక్తమిచ్చినవాడు నమ్మకము కోల్పోయిన దినమున, లోకములోని ధనమంతయు తెచ్చి పోసినను ఉద్దానమున పరిశోధన సాగదు.

మీ చేతిలోని పని చిన్నది, గొప్పది. ఏటేట రక్తపరీక్ష చేయించుకొనుడు. కాగితమును పారవేయక దాచుడు. వైద్యుడు చెప్పనిదే నొప్పి మాత్రలు మ్రింగకుడు. ఈ పఠనమందిరమున మందుల గరిష్ఠ ధరల జాబితా నొకదానిని వ్రేలాడదీయుడు. దుకాణమున అధికముగా తీసికొన్నచో రసీదుతో నా యొద్దకు రండు, ఫీజు లేక అర్జీ వ్రాసి యిత్తును. ప్రతినిధులు ఓట్లకు వచ్చినప్పుడు "పడకలెన్ని?" అని మాత్రమే కాక, "మూలము తెలిసినదా? ఏ పరిశోధన నడచుచున్నది? దానికెంత యిచ్చితిరి?" అని యడుగుడు.

ఇరువదేండ్ల క్రిందట నేను "కుటుంబ అవసరముల నిమిత్తము" అని వ్రాసిన కాగితము రిజిస్ట్రారు కచేరీలో నేటికి నుండును. అట్టి కాగితములు ఈ తీరమున ఎన్ని గలవో! మన బిడ్డలలో ఒక్కనికైనను మరల అట్టి దస్తావేజు వ్రాయు పని రాకుండునట్లు మనమందఱము పాటుపడుదుము గాక.